అచ్చు గుద్దినట్లుండని అచ్చులు

తెలుగులో ‘అచ్చు’ అనే మాటకున్న అర్థాలు లెక్కపెడితే ముచ్చట వేస్తుంది. వ్యాకరణంలో అకారాది వర్ణాలు అచ్చులు. వాటికే మన లాక్షణికులు ప్రాణములని పేరు పెట్టారు. అంగడికి పోతే బెల్లం అచ్చు. సాలెమగ్గంలో పడుగు పోగులు దూరివచ్చే పరికరం అచ్చు. ముద్ర కాల్చి దేవుని పేర వదిలిపెట్టిన ఎద్దు అచ్చోసిన ఆంబోతు. పుస్తకాల అచ్చు సరేసరి. తండ్రీకొడుకులు ఒకే పోలికతో ఉంటే అచ్చు గుద్దినట్లున్నారంటాం. మా ఊరి పేరే అచ్చంపేట గదా సార్ అని నా విద్యార్థులు చమత్కరించేవారు. ఆ వ్యుత్పత్తి జోలికి నేను పోను.

వ్యాకరణాన్నీ మగ్గాన్నీ పక్కన పెడితే, బెల్లానికైనా ఆంబోతుకైనా పుస్తకానికైనా అచ్చు చేసే పని ఒక్కటే. ఒక ఆకారాన్ని మార్పు లేకుండా మళ్లీ మళ్లీ దించడం. తేడా వస్తే అది అచ్చు తప్పు. అటువంటి అచ్చునే జీవితమంతా సాధన చేసి, ఒకే పలక నుండి తీసిన రెండు ప్రతులు ఒకదానికొకటి నకలు కానక్కరలేదని చూపిన తెలుగు చిత్రకారుడు ఒకరున్నారు. ఆయన పేరు కృష్ణారెడ్డి. పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ అచ్చుచిత్రాలు వేసేవారికి ఆ పేరు చిరపరిచితం. ముప్పైరెండేళ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు మాత్రం, నేను బోధించిన ఏ వాచకంలోనూ ఆ పేరు తారసపడలేదు.

నాకు ఆయనను పరిచయం చేసింది పుస్తకాలు కావు, మా పాఠశాలలో పనిచేసిన డ్రాయింగ్ సారు. ఆయన బొమ్మల పాఠం విచిత్రంగా ఉండేది. పిల్లలను మోదుగాకులు, రావి ఆకులు ఏరుకొని రమ్మనేవారు. ఆకు వెనుకభాగానికి పలుచగా సిరా పూయించి, మీద కాగితం పరిచి, అరచేతితో ఒత్తించేవారు. కాగితం ఎత్తితే ఆకు ఈనెలన్నీ దిగివచ్చేవి. ఒకనాడు ఉపాధ్యాయుల గదిలో నాతో అన్నారు: “సారూ, మీరు పద్యంల ఆకును చూపిస్తరు. నేను ఆకుతోనే ఆకును చూపిస్త. ఇద్దరం చెప్పేది ఒక్కటే పాఠం.” ఆయన తన రికార్డు పుస్తకంలో ఏదో పాత కళాపత్రిక నుండి కత్తిరించిన ఒక పుటను అంటించి దాచుకొన్నారు. కృష్ణారెడ్డి గారి ‘సుడిగుండం’ అనే చిత్రం అది. పదవీవిరమణ నాడు ఆ పుటను నా చేతికిచ్చి, “దీని గురించి తెలుగుల రాయుండ్రి, మన పిల్లలకు తెల్వాలె” అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన తరువాత మా పాఠశాలకు మరొక డ్రాయింగ్ సారు రాలేదు. ఈ వ్యాసం ఆయన మాట చెల్లించడం కోసం.

కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించారు. 1940లలో శాంతినికేతన్ చేరి నందలాల్ బోస్ శిష్యులయ్యారు. దండియాత్రలో చేతికర్ర పట్టుకొని నడిచే గాంధీజీ నలుపు తెలుపుల చిత్రాన్ని మనమందరం ఎక్కడో ఒకచోట చూసినవారమే. లినోలియం చెక్కి నందలాల్ 1930లో వేసిన అచ్చు అది. శాంతినికేతన్‌లో చెట్టునూ పుట్టనూ గమనించడం చదువులో భాగం. అక్కడి చదువు ముగిసిన పిదప కృష్ణారెడ్డి గారు కొంతకాలం మద్రాసు కళాక్షేత్రంలో చిత్రకళ బోధించారు. 1950ల తొలినాళ్లలో లండన్ వెళ్లి స్లేడ్ కళాశాలలో చేరి, హెన్రీ మూర్ దగ్గర శిల్పం అభ్యసించారు. పారిస్‌లో జాడ్కిన్ దగ్గర, మిలాన్‌లో మరీనో మరీని దగ్గర కూడా ఆయన నేర్చుకొన్నది శిల్పమే. ఇది జ్ఞాపకం పెట్టుకోదగిన సంగతి. ఆయన అచ్చుచిత్రాలలో శిల్పి చేయి అడుగడుగునా కనిపిస్తుంది.

పారిస్‌లో ఆయన స్టాన్లీ విలియం హేటర్ అనే ఆంగ్లేయుని కర్మశాలలో ప్రవేశించారు. హేటర్ 1901లో లండన్‌లో పుట్టినవాడు. చదివినది రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం. కొంతకాలం పర్షియాలోని అబాదాన్‌లో చమురు కంపెనీ ఉద్యోగం చేసి, దానిని వదులుకొని పారిస్ చేరి, 1927లో అచ్చుచిత్రాల కర్మశాల తెరిచాడు. తరువాత అది ఉన్న వీధిలోని ఇంటి సంఖ్యను బట్టి ‘అటెలియే 17’ అన్న పేరు స్థిరపడింది. పికాసో, మిరో వంటివారు అక్కడ పనిచేశారు. యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలిన కర్మశాల 1950లో మళ్లీ పారిస్ చేరింది. అక్కడ గురుశిష్య భేదం అంతగా ఉండేది కాదట. అందరూ ఒకే బల్ల చుట్టూ నిలబడి పరీక్షించి చూసేవారే. మట్టి పొరల సంగతి, నూనెల సంగతి చదివినవాడు నెలకొల్పిన చోటు గనుక, అక్కడ చిత్రరచన ఒక ప్రయోగశాలలో జరిగినట్లు జరిగింది. హేటర్ సొంత చిత్రాలలో సైతం 1950ల చివరినుండి నీటి కదలికలు ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక ఆ పని ఎట్లా జరుగుతుందో చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన గొప్పదనం ఏమిటో తెలియదు.

శాసన పరిశోధకులు రాతిశాసనానికి ప్రతి తీయడం చదువరులలో కొందరైనా చూసి ఉంటారు. రాతిమీద తడికాగితం పరిచి, కుంచెతో కొట్టి కొట్టి అక్షరాల గుంటలలోకి కాగితాన్ని దించి, పైన సిరా అద్దుతారు. గుంటలలో ఉన్న అక్షరం తెల్లగా మిగిలిపోతుంది, చుట్టూ ఉన్న రాయి నల్లగా వస్తుంది. రాగిరేకు చిత్రం దీనికి సరిగ్గా విలోమం. రేకులో గీతలు తవ్వి, సిరా పట్టించి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచివేస్తారు. సిరా గుంటలలోనే మిగులుతుంది. తడికాగితం పరిచి యంత్రంలో గట్టిగా ఒత్తితే కాగితం గుంటలలోకి దిగి ఆ సిరాను పైకి తెస్తుంది. మన రాజులు వేయించిన తామ్రశాసనాలన్నీ ఈ పనికి వచ్చే పలకలే. కాగితం పరిచి ఒత్తాలన్న ఆలోచన మాత్రం మనకు పుట్టలేదు.

గీతలు తవ్వే తీరు కూడా గమనింపదగినది. ఉలి పిడిని అరచేతిలో అదిమిపట్టి ముందుకు తోస్తారు. వంపు కావాలంటే ఉలిని వంచరు, కింద ఉన్న రేకును తిప్పుతారు. కుమ్మరి సారె తిరుగుతుంటే చేయి ఒకచోట నిలిచినట్లన్న మాట. సుడిగుండం బొమ్మలోని సుడి చేతి విన్యాసం వల్ల కాక, లోహం తిరగడం వల్ల పుట్టింది.

ఇప్పటికి ఒక రంగు అయింది. రెండు మూడు రంగులు కావాలంటే ఏం చేయాలి? లోకమంతటా ఉన్న పద్ధతి రంగుకొక పలక. మన పెడన, మచిలీపట్నం కలంకారీలో కొయ్య అచ్చులు అంతే గదా. ఒక అచ్చు గీతలకు, ఒకటి ఎరుపుకు, మరొకటి వేరే రంగుకు. ఒకదాని మీద ఒకటి గురి తప్పకుండా వేయడమే అందులో నేర్పు.

కృష్ణారెడ్డి గారూ, ఆయనతోపాటు పనిచేసిన బొంబాయి చిత్రకారుడు కైకో మోతీ గారూ, హేటర్ కర్మశాలలో 1950లలో దీనికి వేరే దారి కనిపెట్టారు. ఒకే పలక, ఒకే ఒత్తుడు, అన్ని రంగులూ ఒక్కసారే. రహస్యమంతా సిరాలో కలిపే అవిసెనూనెలో ఉంది. నూనె ఎక్కువ కలిపిన సిరా పలుచగా జారుడుగా ఉంటుంది. తక్కువ కలిపినది చిక్కగా జిగటగా ఉంటుంది. ముందు రేకును ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. గట్టి రోలరుతో పలుచని సిరా దొర్లిస్తే, రోలరు వంగదు గనుక, ఎత్తైన చోట్లకు మాత్రమే అది అంటుతుంది. తరువాత మెత్తని రోలరుతో చిక్కని సిరా దొర్లిస్తారు. ఆ రోలరు పల్లాలలోకి కూడా దిగుతుంది. మరి ఎత్తుల మీద ముందే ఉన్న రంగు చెడిపోదా? చెడిపోదు. నూనె నిండిన పలుచని సిరా చిక్కని సిరాను తనమీద నిలువనీయదు. తామరాకు మీద నీటిబొట్టు సామెత మనకు తెలిసినదే. ఇక్కడ ఆకూ బొట్టూ రెండూ సిరాలే. ఏ రంగు ఎక్కడ నిలవాలో దాని స్వభావమే తేల్చుకొంటుంది.

నేను దీనిని మా చెరువు కింది పొలంతో పోల్చుకొని అర్థం చేసుకొన్నాను. రైతు మడి చదును చేస్తాడు, గట్టు వేస్తాడు, తూము తీస్తాడు. అంతవరకే అతని పని. ఆ పైన నీరు పల్లమెరిగి తానే పోతుంది. కృష్ణారెడ్డి గారు కూడా రేకును దున్ని విడిచిపెడతారు. రంగు తన దారి తాను వెతుక్కొంటుంది.

ఆయన చిత్రాల పేర్లు చూడండి: పురుగు, చేప, జెల్లీచేప, నీటికలువలు, నది, మొలక, కెరటం, సుడిగుండం. 1950లనుండి 1960ల మధ్య వరకు ఎక్కువగా ఇవే. సుడిగుండం, కెరటం 1963 ప్రాంతంలో వచ్చాయి. చేప బొమ్మ అనగానే మనం కన్నూ మొప్పా తోకా వెతుకుతాం. ఆయన చేపలో ముందు కనబడేది నీటిని చీల్చుకొనిపోయే ఒరవడి. సుడిగుండంలో నీటి బొమ్మ లేదు. సన్నని గీతలు పాయలుపాయలుగా తిరిగి ఒక నడుముకు లాగుకొనిపోతుంటాయి, నీలాలు వాటి సందులలో లోతులుగా మారుతుంటాయి. వర్షాకాలంలో మత్తడి దుంకేటప్పుడు మేము చూసే చూపు అదే. నీటిని కాదు, నీరు పడే ఆరాటాన్ని చూస్తాం.

తెలుగు పండితుడిని గనుక నా బుద్ధి ఇక్కడ అలంకారశాస్త్రం వైపు పోయింది. మన కావ్యాలలో ప్రకృతి రెండు తీరులుగా కనిపిస్తుంది. ఒకటి కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుంది, హంస పాలను నీటినుండి వేరుచేస్తుంది. ఎవరూ చూసినది కాదు, అందరూ ఒప్పుకొన్నది. రెండవది స్వభావోక్తి, ఉన్నది ఉన్నట్లు చెప్పడం. దండి దానిని అలంకారాలలో మొదటిదిగా చెప్పాడు. కుంతకుడు ఒప్పుకోలేదు. వస్తువు స్వభావం అలంకరింపబడేదే గాని అలంకారం ఎట్లా అవుతుందని వాదించాడు. ఈ వాదం బోధించేటప్పుడు తరగతిలో మంచి చర్చ జరిగేది.

కృష్ణారెడ్డి గారి కలువ ఏ కోవలోకి వస్తుంది? కవిసమయం కాదు. చంద్రుని కోసం వేచి ఉన్న నాయిక కాదది. స్వభావోక్తి అందామా అంటే, కలువ ఉన్నట్లూ లేదు. ఆలోచించగా నాకు తోచినది ఇది. ఆయన ప్రకృతి రూపాన్ని అనుకరించలేదు, ప్రకృతి పనిచేసే తీరును అనుసరించారు. వాన కొండను కోసినట్లు రేకును కోశారు. నీరు పల్లానికి పోయినట్లు రంగును పోనిచ్చారు. నూనె పలుచదనం చిక్కదనం అనే స్వభావాలే అక్కడ కుంచెలు. కుంతకుడు అలంకరింపబడేదన్న స్వభావమే ఇక్కడ అలంకరించే చేయి అయింది. ఇందుకు శాస్త్రంలో పేరు లేదు. ఉంటే స్వభావోక్తి కాదు, స్వభావక్రియ అనాలేమో. పెద్దలు దిద్దగలరు.

ఇదే కారణంగా ఆయన ప్రతులు అచ్చు గుద్దినట్లుండవు. సిరాలో ఒక చుక్క నూనె పెరిగితే రంగుల సరిహద్దు జరుగుతుంది. రోలరు మీద చేయి బరువు మారితే పల్లం నిండేది మారుతుంది. దీనిని లోపంగా భావించక ఆయన ఆహ్వానించారు. ‘మహావిదూషకుడు’ అని 1981లో ఒక పలక చేశారు. సర్కస్‌లో నవ్వించే మనిషి, అతని చుట్టూ విస్తరించే వలయాలు. ఆ ఒక్క పలక నుండే రంగుల వరుస మార్చి మార్చి ఎన్నెన్నో ప్రతులు తీశారు. ఒకదానిలో విదూషకుడు ఉత్సాహంగా ఉంటాడు, మరొకదానిలో దిగులుగా కనిపిస్తాడు. గీత ఒక్కటీ మారలేదు. అవి చూసినప్పుడు నాకు నా తరగతి గది గుర్తుకు వచ్చింది. ఒకే పద్యం, ఒకే పాఠం, ఏటేటా కొత్త పిల్లలు. ఏ ఇద్దరు పిల్లల మీదా ఆ పద్యం ఒకే తీరుగా దిగదు. ఒకరి మీద లోతుగా, ఒకరి మీద పైపైన, ఒకరి మీద అసలు నిలువదు. పంతులు చేయగలిగింది రోలరు దొర్లించడమే.

ఆయన 1968లో వేసిన ‘ప్రదర్శనకారులు’ అనే చిత్రం గురించి వేరుగా చెప్పాలి. ఆ ఏడు మే నెలలో పారిస్ వీధులు విద్యార్థుల ఆందోళనతో అట్టుడికాయి. ఆయన అక్కడే ఉన్నారు. చిత్రంలో మనుషులు నిలువుగా, ఒకరి పక్కన ఒకరుగా లేచి నిలబడతారు. ముఖాలు గుర్తుపట్టలేం. మొలక చిత్రంలో నేలను తోసుకొని వచ్చిన చేతి గీతే ఇక్కడ గుంపును నిలబెట్టింది. జనం లేవడం కూడా ఆయనకు ప్రకృతి చేసే పనిలాగానే కనిపించిందని నా ఊహ.

ఆ చిత్రం నాకు దగ్గరైనది 2019లో. ఆ సంవత్సరం మా నల్లమలలో, అమ్రాబాదు పులుల అభయారణ్యంలో, 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం బోర్లు వేసి అన్వేషించే ప్రతిపాదనకు కేంద్రంలో అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. చెంచుపెంటల నుండి, పల్లెల నుండి, మా ఊరి నుండి జనం రోడ్డెక్కారు. ఎన్నడూ ఇల్లు కదలని ముసలమ్మలు కూడా చెట్లకింద బైఠాయించారు. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ దినాలలో రోడ్డు మీద నిలబడిన మనుషుల వరుస, వారి వెనుక అడవి వరుస నాకు వేరువేరుగా కనిపించలేదు. డ్రాయింగ్ సారు బతికి ఉంటే, “చూసిండ్రా సారూ” అని ఉండేవారు. తవ్వడం రెండు తీరులని కూడా అప్పుడే మనసుకు పట్టింది. రేకును తవ్వినవాడు అందులోనుండి అడవిని, నీటిని పైకి తీశాడు. కొండను తవ్వితే పైకి వచ్చేది ఏమిటో మా వాళ్లు ముందే గ్రహించారు.

అచ్చుచిత్రం మా తెలంగాణకు కొత్త కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు హైదరాబాదులోనూ, తరువాత బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ గారి దగ్గరనూ చదివి, ఎచింగుల ద్వారా మన పల్లెను దేశానికి చూపించారు. ఆయన మేకలు, ముళ్ల చెట్లు, గుండ్లు ఈ మెట్ట నేలవే. ఆయన రేకు మీద మన ఊరు గుర్తుపట్టగలం. కృష్ణారెడ్డి గారి రేకు మీద ఊరు లేదు, నీరూ వెలుతురూ మొలకా ఉన్నాయి. రెండూ మనకు కావలసినవే.

కృష్ణారెడ్డి గారు పారిస్‌లో హేటర్‌తో కలిసి కర్మశాలను నడిపారు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1976లో న్యూయార్క్ చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో అచ్చుచిత్రకళ బోధించారు. తన పద్ధతిని దాచుకోకుండా 1988లో గ్రంథంగా ప్రకటించారు. 2016 అక్టోబరు నుండి 2017 మార్చి వరకు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనిని కలిపి ప్రదర్శించింది. ఆయన 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లో 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ ప్రదర్శనను నా పూర్వవిద్యార్థి ఒకడు చూసివచ్చి ఫోను చేశాడు. “సార్, కంప్యూటరులో చూసింది వేరు, ఇది వేరు. కాగితం ఉబ్బి ఉంది. వేలు పెట్టబోతే కావలాయన వద్దన్నడు” అన్నాడు. రేకు లోతుగా చెక్కినది గనుక కాగితం కూడా శిల్పంలా మిట్టపల్లాలు తేలుతుంది. ఆ అబ్బాయి ఒకప్పుడు మోదుగాకు అచ్చులు తీసిన తరగతిలోని వాడే. అందుకే వాడి చేయి ముందు అక్కడికి పోయింది.

పాఠ్యపుస్తకాలు కూర్చే పెద్దలు ఏనాడైనా ఈ తెలుగు చిత్రకారునికి ఒక పుట కేటాయిస్తే సంతోషిస్తాను. అంతవరకు ఉపాధ్యాయ మిత్రులు ఆకుకు సిరా పూసి కాగితం ఒత్తించినా చాలు, పాఠం మొదలైనట్లే. ఇక చదువరులలో ఎవరికైనా కృష్ణారెడ్డి గారి అచ్చును కళ్లారా చూసే అవకాశం కలిగితే, ఎదురుగా నిలబడి చూసిన తరువాత కాస్త పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడే చోటినుండి మరొకసారి చూడమని మనవి. కాగితంలోని గట్లూ కాలువలూ అప్పుడు కనబడతాయట.